తప్పు ఎక్కడుందో చెవి పెట్టి విన్న మనిషి: అలెగ్జాండర్ గ్రాహం బెల్



మార్చి నెల వచ్చిందంటే మన గోరంట్లలో ఎండలూ పరీక్షలూ ఒకేసారి మొదలవుతాయి. ఇదే నెల 3వ తేదీన, 1847లో, స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో అలెగ్జాండర్ గ్రాహం బెల్ పుట్టాడు. ఇదే నెల 10వ తేదీన, 1876లో, ఆయన తయారుచేసిన పరికరంలో మనిషి మాట మొదటిసారి అర్థమయ్యేలా తీగ మీద ప్రయాణించింది. అందుకే ఈ నెల మహనీయుల పరిచయానికి ఆయన్ను ఎంచుకున్నాం.

టెలిఫోన్ కనిపెట్టింది ఎవరని అడిగితే మీ మూడో తరగతి పాప కూడా టక్కున చెబుతుంది. ఆ ఒక్క మార్కు ప్రశ్న కోసం రాస్తున్నది కాదు ఇది. బెల్ జీవితంలో పెద్ద మలుపులు చాలావరకు ఏదో ఒకటి సరిగ్గా పని చేయని చోట వచ్చాయి. అతిగా బిగుసుకున్న ఒక స్క్రూ, పక్కవాళ్ల చప్పుళ్లు మోసుకొచ్చే ఒక లైను, కింద ఇనుము దాచుకున్న ఒక పరుపు. అలాంటి చోట ఆయన ఏం చేశాడో తెలుసుకుంటే మీ ఇంట్లో ఫోను లైను పాడైనప్పుడు పనికొస్తుంది. వచ్చే నెల ప్రోగ్రెస్ కార్డు మీ చేతికి వచ్చినప్పుడు కూడా పనికొస్తుంది. ఆయన ఎక్కడ సరిగ్గా వినలేకపోయాడన్నది కూడా మనం తెలుసుకోవాలి.

అమ్మ నుదుటి దగ్గర మాట్లాడిన పిల్లవాడు

బెల్ తాత, తండ్రి ఇద్దరూ జనానికి స్పష్టంగా మాట్లాడడం నేర్పేవాళ్లు. తండ్రి మెల్విల్ బెల్ ఒక కొత్త లిపి తయారుచేశాడు. ఒక్కో శబ్దానికి నాలుక, పెదవులు, గొంతు ఎలా కదులుతాయో ఆ లిపిలోని గుర్తులు చూపించేవి. చెవులు వినబడని పిల్లలకు మాట నేర్పడానికి తర్వాత అదే పనికొచ్చింది.

తల్లి ఎలైజాకు వినికిడి బాగా తక్కువ. అయినా పియానో వాయించేది. గొట్టం లాంటి సాధనాన్ని చెవికి ఆనించుకుని శబ్దాన్ని అందుకునేది. ఇంటికి వచ్చినవాళ్లు ఆ గొట్టంలోకి గట్టిగా అరిచేవాళ్లు. చిన్న గ్రాహం మాత్రం తల్లి నుదుటికి దగ్గరగా నోరు పెట్టి, లోతైన గొంతుతో మెల్లగా మాట్లాడేవాడు. ఆ ప్రకంపన ఆమెకు తెలిసేది. అరవడం వల్ల లాభం లేనిచోట మాట వెళ్లడానికి ఇంకో దారి వెతకాలని ఆ పిల్లవాడికి ఇంట్లోనే అర్థమైంది.

పన్నెండేళ్ల వయసులో ఒక నేస్తం వాళ్ల పిండిమరలో ఆడుకుంటూ అల్లరి చేస్తుంటే, నేస్తం తండ్రి ఏదైనా పనికొచ్చే పని చేయమని మందలించాడు. అక్కడ గోధుమల పొట్టు తీయడం కష్టంగా ఉండేది. గ్రాహం తిరిగే చక్రానికి గోళ్లు తోముకునే బ్రష్షులు బిగించి పొట్టు ఒలిచే యంత్రం తయారుచేశాడు. మన ఊళ్లలో వేరుశెనగ కాయలు ఒలిచే మిషను చూసిన పిల్లలకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ యంత్రం ఆ మరలో చాలా ఏళ్లు పని చేసింది.

ఆ ఇంటికి కష్టాలు కూడా వచ్చాయి. 1867లో తమ్ముడు, 1870లో అన్న, ఇద్దరూ క్షయతో చనిపోయారు. మిగిలిన ఒక్క కొడుకునైనా కాపాడుకోవాలని తల్లిదండ్రులు 1870లో కెనడాలోని బ్రాంట్‌ఫర్డ్‌కు వలస వెళ్లారు. మరుసటి ఏడు బెల్ అమెరికాలోని బోస్టన్ నగరంలో వినికిడి లేని పిల్లల బడిలో టీచర్‌గా చేరాడు. జీవితాంతం ఎవరైనా మీ వృత్తి ఏమిటని అడిగితే ఆయన తనను తాను ఆ పిల్లల టీచర్‌గానే చెప్పుకునేవాడు.

బిగుసుకున్న స్క్రూ

పగలు పాఠాలు, రాత్రి ప్రయోగాలు. అప్పట్లో దూరాలకు కబురు పంపాలంటే టెలిగ్రాఫే గతి. ఒక తీగ మీద ఒకసారికి ఒకటో రెండో కబుర్లు మాత్రమే వెళ్లేవి. ఒకే తీగ మీద వేర్వేరు శ్రుతుల్లో చాలా కబుర్లు పంపాలని బెల్ ప్రయత్నం. ఆయన దగ్గర చదువుకున్న ఇద్దరు పిల్లల తండ్రులు, థామస్ సాండర్స్, గార్డినర్ హబ్బర్డ్, డబ్బు సాయం చేశారు. ఒక వర్క్‌షాపులో పని చేసే థామస్ వాట్సన్ అనే యువకుడు పరికరాలు తయారుచేసి ఇచ్చేవాడు.

1875 జూన్ 2న ఇద్దరూ వేర్వేరు గదుల్లో ఉన్నారు. ప్రతి పరికరంలో పలచని ఉక్కు బద్ద ఒకటి కొట్టుకుంటూ, ఒక స్క్రూ మొనను తగులుతూ వదులుతూ కరెంటును తెంపి కలపాలి. వాట్సన్ వైపు ఒక బద్ద కదలకుండా ఆగిపోయింది. స్క్రూ ఎక్కువగా బిగిసి బద్దకు అతుక్కుపోయింది. దాన్ని కదిలిద్దామని వాట్సన్ వేలితో మీటాడు. అవతలి గదిలో బెల్ దగ్గర ఉన్న బద్ద అదే స్వరంతో పలికింది.

పరికరం పాడైందని చెప్పి పక్కన పెట్టేసే సందర్భం అది. బెల్ మాత్రం పరుగున వచ్చి, దేన్నీ ముట్టుకోవద్దని, ఏం చేశావో సరిగ్గా అదే మళ్లీ చేయమని వాట్సన్‌ను అడిగాడు. స్క్రూ బిగుసుకుపోవడం వల్ల కరెంటు తెగలేదు. తెగని కరెంటు బద్ద కదలికకు తగ్గట్టు అలలా ఎక్కుతూ తగ్గుతూ వచ్చింది. మాటను మోయడానికి కావలసింది ఆ అలే. ఆ రోజంతా ఇద్దరూ ఆ పొరపాటునే మళ్లీ మళ్లీ చేసి చూశారు.

1876 ఫిబ్రవరి 14న బెల్ తరఫున పేటెంట్ దరఖాస్తు చేరింది. అదే రోజున ఎలైషా గ్రే అనే మరో ఆవిష్కర్త కూడా కాగితాలు దాఖలు చేశాడు. మార్చి 7న పేటెంట్ బెల్‌కు దక్కింది. మూడు రోజుల తర్వాత, పక్క గదిలో ఉన్న వాట్సన్‌ను తన దగ్గరకు రమ్మని బెల్ పరికరంలో పిలిస్తే, ఆ మాట విని వాట్సన్ వచ్చాడు. అదే మొదటి ఫోన్ పిలుపు. పేటెంట్ మీద తర్వాత వందల దావాలు నడిచాయి. 1888లో అమెరికా సుప్రీంకోర్టు బెల్ వైపు తీర్పు ఇచ్చింది. ఎవరు ముందు అన్న వాదన మాత్రం ఇప్పటికీ చరిత్రకారుల మధ్య ఉంది.

1877 జులై 11న బెల్ తన శిష్యురాలు, గార్డినర్ హబ్బర్డ్ కూతురు మేబెల్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమెకు ఐదేళ్ల వయసులో వచ్చిన జ్వరంతో వినికిడి పోయింది. కొత్తగా పెట్టిన టెలిఫోన్ కంపెనీలో తన వాటాల్లో 10 మాత్రం ఉంచుకుని మిగిలినవన్నీ బెల్ ఆమెకు పెళ్లి కానుకగా రాసిచ్చాడు. ఫోను వల్ల వచ్చిన సంపద అంతా ఫోన్లో మాట వినలేని మనిషి పేరు మీద ఉందన్నమాట.

ఒక్క తీగ చాలదు

మొదట్లో ఫోన్లకు కొత్త లైన్లు వేయలేదు. టెలిగ్రాఫ్ పద్ధతిలోనే ఒక ఇనుప తీగ లాగి, తిరుగు దారిగా నేలను వాడుకునేవాళ్లు. రెండు చివర్లా ఒక్కో రేకు పాతితే చాలు, కరెంటు మట్టిలోంచి తిరిగి వస్తుంది. ఖర్చు సగం తగ్గింది. టెలిగ్రాఫ్ టకటకకు అది సరిపోయింది. మాటకు సరిపోలేదు.

మన అనంతపురం సీమవాళ్లకు ఇందులో ఒక చిక్కు చెప్పకుండానే తెలుస్తుంది. ఇంటి ఎర్తింగ్ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి, వేసవిలో బిందెడు నీళ్లు ఎందుకు పోస్తాం? ఎండిన మట్టి కరెంటును సరిగ్గా మోయదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే నేలలో ఆ పద్ధతి ఇంకా ఇబ్బంది పెడుతుంది.

అంతకంటే పెద్ద చిక్కు చప్పుడు. పక్కనే సాగే టెలిగ్రాఫ్ తీగల టకటకలు, వేరే ఫోన్ల మాటలు, ఉరుములప్పటి చిటపటలు, అన్నీ ఆ ఒంటి తీగలోకి చొరబడేవి. తర్వాత నగరాల్లో కరెంటు ట్రాములు వచ్చాక మాట వినడమే గగనమైంది. గట్టిగా అరిస్తే అవతలివాళ్లకు వినబడుతుందని జనం అనుకున్నారు. ఎలైజా చెవి గొట్టంలోకి అరిచినవాళ్లు అనుకున్నది కూడా అదే.

ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోంది, తీగలోకి ఎలా ప్రవేశిస్తోంది అని బెల్ ఆలోచించాడు. 1881లో ఆయన తీసుకున్న మరో పేటెంట్ దీని గురించే. నేలను వదిలేసి, వెళ్లడానికి ఒక తీగ, రావడానికి ఒక తీగ పెట్టాలి. ఆ రెండింటినీ జడలా మెలివేయాలి. అప్పుడు బయటి చప్పుడు రెండు తీగల మీదా దాదాపు సమానంగా పడుతుంది. ఫోను వినేది రెండు తీగల మధ్య తేడానే. సమానంగా పడినదానికి తేడా ఉండదు కాబట్టి చప్పుడు రద్దవుతుంది. మాట ఒక్కటే మిగులుతుంది. అడ్డుగోడ కట్టకుండా, ఎక్కువ కరెంటు పంపకుండా, కేవలం మెలికతో కుదిరిన పని ఇది.

1882 జనవరిలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో టెలిఫోన్ ఎక్స్‌చేంజీలు మొదలయ్యాయి. అప్పుడు మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అదే 1882లో బళ్లారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా ఏర్పాటు చేశారు. మన పాత జిల్లాకూ మన రాజధాని టెలిఫోనుకూ ఒకే వయసు.

మా స్కూలు కంప్యూటర్ ల్యాబ్‌లో వాడే నీలం రంగు నెట్‌వర్క్ కేబుల్ తునకను ఒలిచి చూస్తే లోపల ఎనిమిది తీగలు నాలుగు జతలుగా మెలివేసి ఉంటాయి. బెల్ మెలికే ఇప్పటికీ నడుస్తోంది.

మీ ఇంటి లైనులో తప్పు వెతకడం

ఇప్పుడు అందరి చేతుల్లో మొబైళ్లే. ఇళ్లకు ఫైబర్ కూడా వస్తోంది. అయినా కొన్ని పాత ఇళ్లలో, అంగళ్లలో రాగి తీగ ల్యాండ్‌లైన్ ఉంది. మీ ఇంట్లో ఉంటే, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఇది చేయవచ్చు.

ముందు వినండి. ఒక్కో తప్పుకు ఒక్కో గొంతు ఉంటుంది.

డయల్ టోన్ లేకుండా పూర్తిగా డెడ్ అయితే, ఎక్కడో తీగ తెగింది, లేదా జాయింట్ ఊడింది. ఎక్స్‌చేంజ్ నుంచి వచ్చే సుమారు 48 వోల్టుల డీసీ కరెంటు మీ ఫోను దాకా రావడం లేదు.

మీకు ఫోన్ చేసినవాళ్లకు ఎప్పుడూ ఎంగేజ్ వస్తుంటే, రెండు తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయి. లేదా పై గదిలో ఎవరో రిసీవర్‌ను సరిగ్గా పెట్టలేదు. రెండోది ముందు చూడండి.

జుయ్‌మని ఆగకుండా మోత వస్తుంటే, ఒక తీగ తడి గోడకో ఇనుప చువ్వకో తగిలి ఉంటుంది. బెల్ పేటెంట్ గుర్తుచేసుకోండి. రెండు తీగలూ సమానంగా ఉన్నంతవరకే బయటి చప్పుడు రద్దవుతుంది. ఒకటి నేలకు తగిలితే ఆ సమానత పోతుంది. ఇంటి కరెంటు వైర్ల మోత ఫోన్లోకి వచ్చేస్తుంది.

గరగరమంటుంటే, జాయింట్ వదులైంది, లేదా రాగికి చిలుము పట్టింది. వాన పడినప్పుడే గరగర వస్తుంటే జాయింట్‌లోకి తడి చేరుతోంది. ఏళ్ల తరబడి మన ఎండకు తీగ మీది ప్లాస్టిక్ పెళుసెక్కి పగులుతుంది. పొడి రోజుల్లో ఆ పగులు సంగతి తెలియదు. మొదటి వాన పడగానే బయటపడుతుంది.

తర్వాత విడదీయండి. ఇంట్లోని ఫోన్లు, మోడెమ్, ఎక్స్‌టెన్షన్లు అన్నీ ప్లగ్ తీసేయండి. బాగున్న ఒక్క ఫోనును, బయటి నుంచి లైను ఇంట్లోకి వచ్చే మొదటి డబ్బాకే నేరుగా తగిలించండి. అక్కడ టోన్ శుభ్రంగా ఉంటే తప్పు ఇంటి లోపల ఉంది. అక్కడ కూడా లేకపోతే తప్పు బయట ఉంది, అది లైన్‌మ్యాన్ పని. ఈ ఒక్క పరీక్షతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది.

తప్పు లోపలే అని తేలితే, ఒక్కొక్కటే తిరిగి కలపండి. ఫోను కలిపి వినండి. ఎక్స్‌టెన్షన్ కలిపి వినండి. మోడెమ్ కలిపి వినండి. ఏది కలపగానే మోత తిరిగి వచ్చిందో తప్పు అక్కడుంది. ఒకేసారి రెండు మార్చకండి. లైను బాగైనా ఏ మార్పు వల్ల బాగైందో తెలియదు.

ఒక జాగ్రత్త. రింగ్ వచ్చేటప్పుడు ఆ తీగల్లో సుమారు 75 వోల్టుల ఏసీ వస్తుంది. కాబట్టి ఒలిచిన తీగలను పిల్లలు ముట్టుకోకూడదు. ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు లైను జోలికే వెళ్లొద్దు. స్తంభం మీది డబ్బాను మనం తెరవకూడదు.

వైఫై రాకపోయినా పద్ధతి ఇదే. రూటర్‌ను తిట్టేముందు, దాని పక్కనే నిలబడి చూడండి. అక్కడ వస్తుంటే తప్పు దూరంలో ఉంది. ఒక్క ఫోనులోనే రాకపోతే తప్పు ఆ ఫోనులో ఉంది.

పరుపు కింద ఇనుము

1881 జులై 2న వాషింగ్టన్ రైల్వేస్టేషన్‌లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ మీద ఒకడు కాల్పులు జరిపాడు. ఒక తూటా ఒంట్లో ఉండిపోయింది. ఎక్స్‌రే రావడానికి ఇంకా 14 ఏళ్లు ఉంది. తూటా ఎక్కడుందో తెలియక డాక్టర్లు సరిగ్గా కడగని వేళ్లతో, పరికరాలతో గాయాన్ని కెలికారు.

ఆ వార్త విని బెల్ తన పని పక్కన పెట్టేశాడు. రెండు తీగచుట్టలను సరితూగేలా అమర్చితే ఫోను రిసీవర్ మౌనంగా ఉంటుంది. దగ్గరికి లోహం వస్తే ఆ సమతూకం చెడి రిసీవర్ పలుకుతుంది. మెలివేసిన తీగల్లో చప్పుడును రద్దు చేసిన సమతూకాన్నే ఇక్కడ తూటాను వెతకడానికి వాడాడు. పాత యుద్ధంలో తగిలిన తూటాలను ఒంట్లోనే మోస్తున్న మాజీ సైనికుల మీద పరీక్షించి చూశాడు. పని చేసింది.

జులై 26న అధ్యక్షుడి మంచం దగ్గరకు తీసుకెళ్తే రిసీవర్‌లో ఏదో చిటపట తప్ప ఏమీ వినబడలేదు. హడావిడిలో ఒక భాగానికి తీగ సరిగ్గా కలపలేదని తర్వాత తెలిసింది. ఆగస్టు 1న మళ్లీ వెళ్లాడు. ఈసారి ఒక్కచోట కాకుండా విశాలంగా సన్నని చప్పుడు వచ్చింది. అది ఏమిటో అర్థం కాలేదు. మర్నాడు ఆరా తీస్తే, అధ్యక్షుడు పడుకున్న పరుపు కింద ఉక్కు తీగలతో అల్లిన మరో పరుపు ఉందని తేలింది.

ఇంకొక సంగతి కూడా ఉంది. ప్రధాన వైద్యుడు విల్లర్డ్ బ్లిస్ తూటా కుడివైపు ఉందని ముందే తేల్చేసుకున్నాడు. బెల్‌ను ఆ వైపే వెతకనిచ్చాడు. సెప్టెంబర్ 19న గార్‌ఫీల్డ్ చనిపోయాడు. శవపరీక్షలో తూటా ఎడమవైపు దొరికింది. యంత్రం బాగానే ఉంది. వెతకాల్సిన చోటు తప్పు.

ఆ వేసవిలోనే, ఆగస్టు 15న, బెల్ దంపతులకు నెలలు నిండకుండా పుట్టిన కొడుకు ఊపిరి అందక కొన్ని గంటలకే చనిపోయాడు. బెల్ ఆ దుఃఖంలోనే, ఊపిరి ఆడని మనిషి ఛాతీ చుట్టూ తొడిగి గాలి పీల్చేలా చేసే లోహపు కవచం ఒకటి తయారుచేశాడు. రెండేళ్లకు మరో కొడుకు కూడా పుట్టగానే పోయాడు. ఎల్సీ, మేరియన్ అనే ఇద్దరు ఆడపిల్లలు దక్కారు.

ఆయన వినలేకపోయిన మాట

1886లో ఒక తండ్రి, చూపూ వినికిడీ రెండూ లేని ఆరేళ్ల కూతురిని తీసుకుని బెల్ దగ్గరకు వచ్చాడు. ఆ పాప హెలెన్ కెల్లర్. బెల్ ఆమెను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఓపిగ్గా గమనించాడు, తండ్రికి సరైన బడిని చూపించాడు. ఆ దారిలోనే 1887లో అన్ సల్లివాన్ అనే టీచర్ ఆ పాప జీవితంలోకి వచ్చింది. తర్వాత హెలెన్ తన ఆత్మకథను బెల్‌కే అంకితమిచ్చింది.

కానీ ఇదే బెల్, వినికిడి లేని పిల్లలందరూ పెదవుల కదలిక చూసి, నోటితోనే మాట్లాడాలని పట్టుబట్టాడు. వాళ్లు చేతులతో మాట్లాడుకునే సైగల భాషను బడుల్లోంచి తీసేయాలన్నాడు. వినికిడి లేనివాళ్లు ఒకరినొకరు పెళ్లి చేసుకోవడం కూడా మంచిది కాదని 1883లో వాదించాడు. పేరున్న మనిషి కాబట్టి ఆ మాట దూరం వెళ్లింది. చాలా బడుల్లో పిల్లల చేతులను కట్టడి చేశారు. బధిరుల సమాజం ఆ గాయాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆయనకు వాళ్ల మీద ప్రేమ లేక కాదు. తల్లి, భార్య ఇద్దరూ వినికిడి లేనివాళ్లే. కానీ సైగల భాషను ఆయన ఒక తప్పుగా, బాగుచేయాల్సిన లైనుగా చూశాడు. అది తప్పు కాదు, మరో భాష. ప్రతి చప్పుడునూ చెవి పెట్టి విన్న మనిషి, ఆ పిల్లలు తమ చేతులతో చెబుతున్నది వినలేదు. ఈ రోజు మన దేశంలో 2015 నుంచి భారతీయ సైగల భాషకు ప్రత్యేక జాతీయ పరిశోధనా కేంద్రం ఉంది. 2020 జాతీయ విద్యా విధానం ఆ భాషను ప్రోత్సహించాలని చెప్పింది.

చివరి రోజులు

బెల్ కెనడాలోని బాడెక్ దగ్గర సరస్సు ఒడ్డున ఇల్లు కట్టుకున్నాడు. గాలిపటాలు, విమానాలు, నీటి మీద లేచి పరుగెత్తే పడవల మీద ప్రయోగాలు చేశాడు. 1915 జనవరి 25న న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు మొదటి ఖండాంతర లైను తెరిచినప్పుడు, ఇటు చివర బెల్, అటు చివర వాట్సన్. పక్క గదిలోంచి పిలిచిన మనిషితో ఈసారి దేశం అవతలి అంచు దాకా మాట్లాడాడు. తన చదువుకునే గదిలో మాత్రం ఆయన ఫోను పెట్టించుకోలేదు. పనికి అడ్డం అనేవాడు.

1922 ఆగస్టు 2న, 75 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు. అంత్యక్రియల సమయంలో ఉత్తర అమెరికాలోని ఫోన్లన్నీ ఒక నిమిషం పాటు మౌనంగా ఉంచారు.

ఈ నెల మీ ఇంట్లో

మార్కులు తగ్గిన పిల్లవాడిని చూడగానే మన నోట మొదట వచ్చే ప్రశ్న తప్పు ఎవరిది అన్నదే. పిల్లవాడిదా, టీచర్‌దా, సెల్‌ఫోన్‌దా? ఆ ప్రశ్నకు జవాబు దొరికినా లైను బాగుపడదు. తప్పు ఎక్కడుంది అని అడిగి చూడండి. లెక్కల్లో అన్ని చాప్టర్లూ పోయాయా, భిన్నాలు ఒక్కటేనా? నోటితో చెప్పగలిగి రాయలేకపోతున్నాడా? వెనక బెంచీలో కూర్చుంటే బోర్డు సరిగ్గా కనబడుతోందా? తెలుగులో అర్థమైన లెక్క ఇంగ్లిష్ ప్రశ్నలో ఆగిపోతోందా? ఒక్కొక్కటీ విడదీసి చూడండి. ట్యూషన్, కొత్త పుస్తకం, కొత్త టైంటేబుల్ అన్నీ ఒకేసారి మార్చకండి. కుడివైపే అని ముందే తేల్చుకుని వెతకకండి. అడిగితే ఈ వెతుకులాటలో మేమూ మీ పక్కన కూర్చుంటాం. పేరెంట్స్ మీటింగ్ ఉన్నది అందుకే.

మీ అమ్మాయి మెల్లగా మాట్లాడితే, మీ అబ్బాయి ఎడమచేత్తో రాస్తే, క్రికెట్ కంటే బొమ్మలు గీయడం ఇష్టపడితే, దాన్ని రిపేరు చేయాల్సిన లైను అనుకునే ముందు ఒక్కసారి ఆగండి. బెల్ ఆగనిది అక్కడే.

ఈ ఆదివారం పిల్లలతో ఒక పని చేయించండి. పాత ఫోను తీగ తునకో, పారేసిన నెట్‌వర్క్ కేబుల్ తునకో ఏ ఎలక్ట్రికల్ అంగడిలోనైనా దొరుకుతుంది. దేనికీ కలపని ఆ తునకను ఒలిచి, మెలికలు లెక్కపెట్టమనండి. ఆ మెలిక ఎందుకుందో మీకు వివరించమనండి. సరిగ్గా చెప్పలేకపోతే ఎక్కడ ఆగిపోయారో గమనించండి. సోమవారం పాఠం అక్కడి నుంచి మొదలుపెడతాం.